భరిణె ఆఖరి పేజీ

భరిణె అన్న పేరును పత్రాలన్నిటిలోంచి తీసేసే పని హైమావతికి అప్పగించారని తెలిసినప్పుడు ఆ అంతస్తులో ఎవరూ తలెత్తి చూడలేదు. నిజం చెప్పాలంటే ఆవిడ విషయంలో వాళ్ళు తలెత్తడం మానేసి చాలా ఏళ్ళయింది. మూలన ఒక బల్ల, బల్ల మీద తెర, తెర వెనక ఆవిడ. మధ్యాహ్నం అందరూ గుంపుగా క్యాంటీన్‌కు పోయేటప్పుడు ఆ బల్ల పక్కనుంచే పోయేవాళ్ళు. ఆవిడ తెచ్చుకున్న స్టీలు డబ్బా కొన్ని రోజులు సగం ఖాళీ అయి, కొన్ని రోజులు మూతైనా తీయించుకోకుండా ఇంటికి తిరిగి వెళ్ళేది. కొత్తగా చేరినవాళ్ళు ఆవిడకు గర్వం అనుకునేవారు. పాతవాళ్ళు ఆ మాత్రమైనా అనుకునేవారు కాదు.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉన్న ఆ సంస్థ పేరు స్వరనిధి. గొంతు పోగొట్టుకున్నవాళ్ళకు వాళ్ళ గొంతు తిరిగివ్వడం దాని వ్యాపారం. మెడకు బొట్టుబిళ్ళంత పట్టీ ఒకటి అంటిస్తారు. మాట్లాడాలనుకోగానే లోపల కండరాలు కదులుతాయి కదా, ఆ కదలికను పట్టీ పసిగడుతుంది. ఇంట్లో అలమరలో పెట్టిన చిన్న పెట్టె దాన్ని పైకి పలుకుతుంది. పలికేది అరువు గొంతు కాదు. పాత వీడియోలూ ఫోను మాటలూ విని నేర్చుకున్న ఆ మనిషి సొంత గొంతే. అలా నేర్చుకున్న గొంతులను ఒక్కోదాన్ని ఒక్కో అరలో పెట్టి, మూత బిగించి, నడిపించే సాఫ్ట్‌వేర్ యంత్రం పేరే భరిణె. ఒకసారి మూత పడ్డాక తయారుచేసినవాళ్ళు కూడా తెరవలేరు. గొంతులు దొంగిలించి బ్యాంకులను బురిడీ కొట్టిస్తున్న రోజులు గనక జనం ఆ బిగువును నమ్మి తమ గొంతులను దాని చేతిలో పెట్టారు.

చివరికి ఆ బిగువే దాని కొంప ముంచింది. తరవాత పల్లకి అనే కొత్త యంత్రం వచ్చింది. అది చురుకైనది, చవకైనది, ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోదగినది. కానీ భరిణెలో ఉన్న గొంతును తీసి పల్లకిలోకి ఎక్కించడం ఎవరి తరమూ కాలేదు. రికార్డింగులు మిగిలినవాళ్ళు మళ్ళీ మొదటినుంచీ నేర్పించుకున్నారు. ముసలివాళ్ళు చాలామంది భరిణెతోనే కాలం వెళ్ళదీసి కన్నుమూశారు. సంస్థ భరిణెను మానేసింది.

మానేస్తే సరిపోదు. దాని పేరు కూడా పోవాలి. ఎందుకంటే స్వరనిధి యంత్రాలన్నిటినీ చూసుకునేది ఇప్పుడు మనుషులు కాదు, కాపరి అనే ప్రోగ్రాం. కాపరికి తెలిసిందల్లా సంస్థ పత్రాలే. రోజూ పొద్దున్నే, మళ్ళీ మార్పు జరిగినప్పుడల్లా, వాటిని మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. వాటిలో పేరున్నదాన్ని కాపాడుతుంది, పేరు లేనిదాన్ని చెత్త కింద లెక్కగట్టి ఆర్పేస్తుంది. అందుకే ఒక పేరును పత్రాల్లోంచి తీసేయడం మనిషి చేతుల మీదుగానే జరగాలని నియమం పెట్టుకున్నారు. ఆ చేతులు హైమావతివి. భరిణె గురించి మొట్టమొదటి పేజీ రాసిందీ ఆవిడే. పురుడు పోసిన చేతులతోనే పాడె కట్టమంటున్నారని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది గానీ, ఆవిడ పైకేమీ అనలేదు. అనడానికి పక్కన ఎవరున్నారు గనక.

అధికారిణి ప్రణవి మంచి పిల్ల. వయసులో ఇరవై ఏళ్ళు చిన్నది, హోదాలో పైదైనా హైమావతిని పేరుపెట్టి పిలవకుండా మేడమ్ అనేది. అన్నిచోట్లా ఒకేసారి భరిణె తీసి పల్లకి పెట్టేస్తే పూటలో తెమిలిపోతుంది కదా అని ఆ పిల్ల అడిగింది. హైమావతికి నవ్వొచ్చింది. మునుపు ఇంకో పేరు విషయంలో ఒక కుర్రాడు అదే పని చేశాడు. తీరా చూస్తే చరిత్ర పేజీలో ‘పల్లకి సరిగా పనిచేయనందువల్ల దాని స్థానంలో పల్లకిని ప్రవేశపెట్టాం’ అని అచ్చయి కూర్చుంది. కాపరి దాన్నీ శ్రద్ధగా చదివి, దేన్ని ఆపాలో తెలియక అన్నిటినీ ఆపేసింది. ఆ మధ్యాహ్నం ఎన్నో ఇళ్ళలో మాట మధ్యలో తెగిపోయింది.

కాబట్టి హైమావతి పేజీ పేజీ తిరిగింది. పదకోశంలోంచి తీసింది. పట్టికల్లో గడి ఖాళీ చేసింది. ‘ఇది కూడా చూడండి’ అన్న చోటల్లా చూసేందుకు ఇక ఏమీ లేదు గనక ఆ మాటే కొట్టేసింది. కొన్ని వాక్యాలు భరిణె పేరు తీసినా బతికాయి, కొన్ని కుప్పకూలాయి. కూలినవాటిని కొత్తగా కట్టింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని అది. చోడవరంలో రత్నప్రభ అనే పంతులమ్మకు ఆపరేషన్ అయ్యాక పట్టీ బిగించడానికి వెళ్ళిన మనిషి, ఎక్కడో మిగిలిపోయిన ఒక పాత పేజీ చూసి ఆవిడ గొంతును భరిణెలో పెట్టేశాడు. కొన్నాళ్ళకు ఆ అర మొరాయించింది. తీసే దారి లేదు. నేర్పిన రికార్డింగులను నియమం ప్రకారం అప్పుడే చెరిపేశారు. ఇప్పుడు రత్నప్రభ అందరికీ ఇచ్చే మామూలు గొంతుతో పాఠం చెబుతోంది. ఆవిడ సొంత పిల్లలు ఫోనులో అమ్మను గుర్తుపట్టరట. ఒక్క పేజీలో మిగిలిన ఒక్క పేరు ఎంత పని చేస్తుందో తెలిసినప్పటినుంచీ హైమావతి కళ్ళలో ఒత్తులు వేసుకుని వెతికింది.

అన్నీ అయ్యాక ఒక్క పేజీ మిగిలింది. ‘మొదలుపెట్టడం ఎలా’ అన్న పేజీ, ఆవిడ మొదటి రాత.

ఆ పేజీలో ఒక ఉదాహరణ ఉంది. ప్రతి పెట్టె పొద్దున్నే నిద్రలేచి తన గొంతు సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఒక వాక్యం పలకాలి. ఆ తరవాత ఎదుటి చప్పుడు వినిపిస్తోందో లేదో చూసుకోవాలి. వరసగా కొన్నాళ్ళు జవాబు రాకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుని తనంతట తానే పడుకుంటుంది. పలకాల్సిన ఆ వాక్యం ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకోవచ్చు. ఊరికే చూపించడానికి హైమావతి ‘అన్నం తిన్నావా?’ అని రాసి, కింద ‘దీన్ని మీకు కావలసిన మాటతో మార్చుకోండి’ అని కూడా రాసింది.

ఎవరు మార్చారు! ఉదాహరణను ఉన్నదున్నట్టు దింపేయడం ఈ వృత్తిలో అందరికీ ఉన్న జబ్బు. పట్టీలు బిగించేవాళ్ళు ఇంటింటికీ అదే వాక్యం దింపేశారు. ఒక విశ్రాంత జడ్జిగారి పెట్టె పొద్దున్నే వచ్చిన ప్లీడర్లను అన్నం తిన్నావా అని ఏకవచనంలో అడిగింది. ఒక కోడలి గొంతు మామగారిని అలాగే పలకరిస్తే ఆయన రెండు రోజులు అలిగి కూర్చున్నాడు. ఫిర్యాదులు వచ్చాయి. మార్చుకోండి అని రాశాం కదా అని సంస్థ జవాబిచ్చింది. అయినా ఎక్కువమంది మార్చుకోలేదు, అలవాటు పడిపోయారు.

ఆ పేజీ తీసేముందు కాపరి ఒక హెచ్చరిక చూపించింది. భరిణెలో ఒక అర ఇంకా నడుస్తోంది. ఊరు పలాస. మనిషి పేరు అప్పలనర్సమ్మ. పక్కనే ఇంకో వివరం ఉంది: ఆ మనిషి చనిపోయి రెండేళ్ళు దాటింది.

పెట్టె మాత్రం రోజూ పొద్దున్నే వాక్యం పలుకుతోంది. రోజూ ఎవరో జవాబు చెబుతున్నారు. ఏం చెబుతున్నారో భరిణె ఎవరికీ చెప్పదు. జవాబు ఉంది అని ఊరుకుంటుంది. ఇన్నాళ్ళలో జవాబు రాని పొద్దు ఒక్కటీ లేదు.

నియమం ప్రకారం ఆపేముందు ఇంటివాళ్ళకు చెప్పాలి. ఉన్న నంబరు నర్సమ్మదే, మోగి మోగి ఆగిపోయింది. ఒక ఉత్తరం పంపి పని కానిచ్చేయమని ప్రణవి సలహా ఇచ్చింది. హైమావతి వెళ్ళి వస్తానంది. గొంతు తీసేసే పని ఉత్తరంతో ఎలా చేస్తామని అందిగానీ, అబద్ధమెందుకు, ఆవిడకు వెళ్ళడానికి ఒక చోటు దొరికింది. ఆదివారాలు కూడా ఎక్కడికీ కదలని మనిషి ఆవిడ.

పలాసలో రైలు దిగగానే జీడిపిక్కలు కాల్చిన వాసన ముఖాన కొట్టింది. కాశీబుగ్గ వైపు జీడి మిల్లుల వెనక సందులో ఆ ఇల్లు. గడప ముందు అరుగు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. మనిషి సన్నం. జీడి నూనె మరకలు పట్టి రెండు అరచేతులూ నల్లగా ఉన్నాయి. మిల్లులో పిక్కలు కాల్చే పని చేసి మానుకున్నవాడని ఆ చేతులే చెబుతున్నాయి. అతను నర్సమ్మ భర్త తవిటయ్య.

ఎవరు కావాలని అడిగాడు. హైమావతి తాను ఎక్కడినుంచి వచ్చిందో చెప్పింది. పెట్టె మాట ఎత్తగానే అతని మొహంలో రంగు మారింది. లోపల అలమర వైపు ఒకసారి చూసి, తలుపుకు అడ్డంగా జరిగి కూర్చున్నాడు. వచ్చిన పని ఆవిడ వీలైనంత మెత్తగా చెప్పింది. ఎంత మెత్తగా చెప్పినా విషయం మెత్తబడలేదు.

“ఆపేస్తారేటి? ఎవుల్నడిగి ఆపేస్తారు?” అన్నాడు తవిటయ్య. “నర్సమ్మ పోనాది. గొంతు ఉన్నాది. ఆ గొంతు కూడా మీకు బరువైపోనాదా? ఎల్లిపో తల్లీ, ఎల్లిపో.”

లోపలికి పోయి టీవీ గట్టిగా పెట్టుకున్నాడు. హైమావతి కాసేపు సందులో నిలబడింది. తిరుగు రైలు సాయంత్రానికి గానీ లేదు. సందు చివర గోడ నీడన కూర్చుంది. జీడిపప్పు పొట్టు తీసే పనికి పోయే ఆడవాళ్ళు ముచ్చట్లాడుకుంటూ ఆవిడ ముందునుంచి వెళ్ళారు. ఒకామె నవ్వింది. తననే చూసి నవ్విందో, పక్కామె మాటకు నవ్విందో తెలియక హైమావతి బదులు నవ్వలేదు. ఊళ్ళో అయినా ఆఫీసులో అయినా ఆవిడకు ఎప్పుడూ ఇదే తంటా.

ఎండ పడమటికి వాలాక మళ్ళీ వెళ్ళింది. టీవీ ఆగి ఉంది. తవిటయ్య అరుగు మీదే ఉన్నాడు. ఈసారి పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. ఆవిడే అరుగు చివర కూర్చుంది. మిల్లు వైపు చూస్తూ అతను తనంతట తానే మొదలుపెట్టాడు.

నర్సమ్మది పెద్ద గొంతట. మిల్లు షెడ్డులో ఆమె ఇటునుంచి కేకేస్తే అటు చివరి బల్ల దగ్గరవాళ్ళు కూడా ఉలిక్కిపడేవాళ్ళట. ఆమెకు పుట్టింటివాళ్ళిచ్చిన చిన్న జీడి తోట ఉండేది. కాగితం తన పేర ఉంది గనక దాన్ని తవిటయ్య ఆమెతో ఒక్క మాటైనా చెప్పకుండా తన చెల్లెలి పేర రాసిచ్చేశాడు. ఆ రోజునుంచీ ఆమె మొగుడితో మాట్లాడటం మానేసింది. ఇల్లు వదిలిపోలేదు, వండటం మానలేదు. అన్నం వేళకు పళ్ళెం తెచ్చి అతని ముందు చప్పుడయ్యేలా పెట్టేది. ఆ చప్పుడే పిలుపు. తిన్నావా, చాలా, ఇంకొంచెం వెయ్యనా అన్న మాట లేదు. ఏళ్ళకేళ్ళు అలాగే గడిచాయి. ఆ తరవాత జబ్బు చేసి గొంతే తీసేశారు. మాట్లాడనని పంతం పట్టిన మనిషికి మాట్లాడే దారే లేకుండా పోయింది. తన తప్పు ఒప్పుకుందామని తవిటయ్య చాలాసార్లు అనుకున్నాడట. జవాబు చెప్పలేని మనిషి ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసి ఊరుకున్నాడు.

తరవాత పట్టీ వచ్చింది. పెట్టెకు గొంతు నేర్పడానికి ఒక పెళ్ళి వీడియో తప్ప వాళ్ళ దగ్గర ఇంకేమీ లేదు, నేర్పాక నియమం ప్రకారం దాన్నీ చెరిపేశారు. అందులో నర్సమ్మ వడ్డించేవాళ్ళను తిట్టిపోస్తోంది. అందుకని ఆ గొంతుకు ఎప్పుడూ కొంచెం కసురుకున్న ధోరణి ఉండేది. బిగించిన మర్నాడు పొద్దున్నే అలమరలోంచి ఆ గొంతు అన్నం తిన్నావా అని కసిరింది.

“ఇంకా నేదే అన్నాను,” అన్నాడు తవిటయ్య. “అన్నేళ్ళకి అదే మొదటి మాట. అది పొయ్యి కాడ ఉన్నాది. తిరిగి సూసింది. సూసి నవ్వింది తల్లీ. ఆ యేల నుంచి మళ్ళీ మాటాడుకున్నాం. పోయేదాకా మాటాడుకున్నాం. ఇప్పుడూ రోజూ అడుగుతాది, నాను సెప్తాను.”

రైల్లో వచ్చేటప్పుడే హైమావతి ఒక నిర్ణయం చేసుకుంది. ఆ వాక్యం ఎక్కడిదో ఈ ఇంట్లో చెప్పకూడదని. ఇప్పుడది ఇంకా గట్టిపడాలి నిజానికి. కానీ జీవితమంతా తప్పు వాక్యాలు దిద్దుతూ బతికిన మనిషికి ఒక తప్పును కళ్ళెదుట వదిలేసి లేవడం చేతకాలేదు. అతణ్ణి మోసంలో ఉంచి, ఆ మోసాన్నే ఆర్పేసి పోవడం రెండు తప్పులవుతుందనిపించింది. చెప్పేసింది. ఆ మాట నర్సమ్మది కాదని, అది ఉదాహరణ అని, బిగించినవాళ్ళు మార్చకుండా వదిలేశారని, దాన్ని రాసింది తానేనని చెప్పింది. చెబుతున్నంతసేపూ అతని నల్లటి చేతుల వైపే చూసింది, మొహం చూసే ధైర్యం లేక.

తవిటయ్య లేచి లోపలికి వెళ్ళాడు. అయిపోయింది అనుకుంది హైమావతి. అతను పెట్టెను గుడ్డతో తుడిచి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

“నాకు తెలుసు,” అన్నాడు. “బిగించిన గుంటడు దానినడిగాడు, ఇది ఉత్తినే పెట్టిన మాట, మార్చీమంటావా అని. నాను గుమ్మంలోనే ఉన్నాను. అది సెయ్యి అడ్డంగా ఊపింది. వొద్దు, ఉండనీ అన్నట్టు. రాసినోలు ఎవులైతే నాకేటి? ఉంచింది అది. ఉంచడం దాని మాటే గదేటి.”

హైమావతికి ఏడుపొచ్చింది. పరాయి ఇంటి అరుగు మీద కూర్చుని ఏడవడం బాగుండదని పెదవి బిగబట్టింది. అతను మాత్రం ఆవిడను తొలిసారి పరకాయించి చూస్తున్నాడు.

“ఆ మాటే ఎందుకు రాసినావు తల్లీ? మాటలే నేవా?” అని అడిగాడు.

చాలా ఉన్నాయి. ఒకటి రెండు మూడు అని రాయొచ్చు, నమస్కారం అని రాయొచ్చు. ఆ రోజు మధ్యాహ్నం అంతస్తు అంతస్తంతా క్యాంటీన్‌కు పోయింది. ఎవరూ రమ్మనలేదు. ఆవిడ వేళ్ళు ఆ మాట కొట్టాయి. కొట్టాక చూసుకుని, చెరిపేద్దామనుకుని, చెరపలేకపోయింది. ఇదంతా ఆవిడ ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు.

“ఆ పూట నన్నెవరూ అడగలేదండీ,” అంది.

హైమావతి అంతటితో ఊరుకోలేక నియమం మీరే మాట ఒకటి అనేసింది. ఏదో మూల, ఎవరూ చూడని పేజీలో భరిణె పేరు ఒక్కచోట వదిలేస్తే కాపరి ఈ పెట్టెను నడవనిస్తుందని, తాను వదిలేస్తానని. నిండు ఉద్యోగకాలంలో ఆవిడ చేయబోయిన తప్పు అదొక్కటే. చేసేదే కూడా.

“ఆ పేరు సూసి ఇంకెవులైనా పెట్టించీసుకుంటేనో?” అన్నాడతను.

రత్నప్రభ సంగతి చెప్పక తప్పలేదు. తల్లి గొంతును గుర్తుపట్టని పిల్లల సంగతి కూడా చెప్పింది. తవిటయ్య విన్నాడు. వింటూ వింటూ అరుగు మీద ఎండిన నూనె చుక్కను గోటితో గీకుతూ ఉండిపోయాడు. మిల్లు సైరన్ మోగింది. పని దిగిన ఆడవాళ్ళు సందులోకి రావడం మొదలైంది. రైలు వేళ దగ్గరపడుతోందని హైమావతికి తెలుసు. లేవలేకపోయింది.

“ఆ పిల్లలకి తల్లుండి గొంతు నేకపోనాది,” అన్నాడు చివరికి. “నాకు మనిషి నేక గొంతున్నాది.” ఆవిడ వైపు చూడకుండానే మళ్ళీ అన్నాడు. “రేపు పొద్దున్న ఒక్క పాలి అడగనీ. నాను జవాబు సెప్పినాక తీసీ. ముందే తీసీకు.”

ఆవిడ అలాగేనంది. అతను గడప దాటి లోపలికి పోయాడు. పొద్దుటినుంచీ ఆ ఇంట్లో ఆవిడకు మంచినీళ్ళైనా అందలేదు. ఆ సంగతి అతనికి తట్టలేదు, ఆవిడ మనసులో పెట్టుకోలేదు. వెళ్ళొస్తానని గుమ్మంలోంచే తన నంబరు చెబితే అతను ఫోనులో ఎక్కించుకున్నాడో లేదో కూడా తెలియదు.

మర్నాడు హైమావతి అందరికన్నా ముందు ఆఫీసుకు వచ్చింది. తెర మీద పలాస పెట్టె ఒక్కటే గీతగా కనిపిస్తోంది. వేళకు గీత కదిలింది. వాక్యం పలికింది. జవాబు కోసం చూసింది. ఎప్పుడూ చిటికెలో ముగిసే జవాబు ఆ రోజు ఎంతకీ ముగియలేదు. గీత అలా సాగుతూనే ఉంది. ఏం చెబుతున్నాడో, జీడి తోట సంగతి ఎత్తాడో, క్షమించమన్నాడో భరిణెకు ఒక్కదానికే తెలుసు. అది చెప్పదు. మూత బిగువుగా ఉంది. చివరకు గీత పడుకుంది. జవాబు ఉంది అని వచ్చింది.

ఆవిడ ఇంకొంచెంసేపు ఆగింది. అతను మళ్ళీ ఏదైనా అంటాడేమోనని. అనలేదు. అప్పుడు ఆఖరి పేజీ తెరిచి, తాను రాసిన వాక్యాలను ఒక్కొక్కటే తీసేసింది. చివర ఉదాహరణ ఒక్కటి మిగిలింది. దాన్ని తీసే ముందు పల్లకి పేజీ తెరిచింది. అక్కడ ఎవరో కుర్రాడు ఉదాహరణ కింద ‘పరీక్ష, ఒకటి, రెండు, మూడు’ అని రాసి పెట్టాడు. దాన్ని కొట్టేసి ‘అన్నం తిన్నావా?’ అని రాసింది. కింద అలవాటు ప్రకారం ‘దీన్ని మీకు కావలసిన మాటతో మార్చుకోండి’ అని కూడా చేర్చింది. ఎవరూ మార్చరని ఆవిడకు తెలుసు. ఆ తరవాత భరిణె పేరు తీసేసింది. కాపరి పత్రాలు చదివింది. పలాస గీత మాయమైంది.

ప్రణవి వచ్చి, పని పూర్తయిందా మేడమ్ అని అడిగింది. అయిందంది. చాలా శుభ్రంగా చేశారని మెచ్చుకుని ఆ పిల్ల వెళ్ళిపోయింది. హైమావతి ఆ సాయంత్రం ఇంటికి పోయి దీపం వేయకుండా చాలాసేపు కూర్చుంది. ఇంతమంది మాటలు ఇంతకాలం మోసిన పేరు ఎక్కడా లేదిప్పుడు. వెతికినా దొరకదు. దొరక్కుండా చేసింది తానే. పని చక్కగా చేసినందుకు ఇంత దిగులు పడటం ఆవిడకు కొత్త.

ఆ మర్నాడు మధ్యాహ్నం అంతస్తు అంతా యథాప్రకారం లేచింది. కుర్చీలు వెనక్కి జరిగాయి. నవ్వులు, కేకలు, లిఫ్ట్ దగ్గర తోపులాట. గుంపు ఆవిడ బల్ల పక్కనుంచి పోయింది, అంతా నిశ్శబ్దమైంది. డబ్బా బల్ల మీద ఉంది. ఆకలి ఉన్నట్టూ లేదు, లేనట్టూ లేదు. అప్పుడు ఫోను మోగింది.

“తల్లీ, తవిటయ్యని,” అంది గొంతు. “పెట్టి పలకనేదు ఇయ్యాల.”

“అవునండీ,” అంది హైమావతి. “నిన్న తీసేశాను.”

అటునుంచి మిల్లు మోత దూరంగా వినిపించింది.

“మొన్న నువ్వొస్తే మంచినీలయినా ఇవ్వనేదు,” అన్నాడు. “కోపమొచ్చీసింది. అదుంటే నన్ను తిట్టును. పొద్దుట్నుంచి కూకున్నాను, ఎవులూ అడగనేదు. అందుకని నానే అడుగుతున్నాను. అన్నం తిన్నావా?”

హైమావతి మూత తీయని డబ్బా వైపు చూసింది.

“ఇంకా లేదండీ. మీరు?”

“నానూ నేదు. అయితే తినీ. ఫోను పెట్టీకు, ఇద్దరం తినీద్దాం.”

ఆవిడ ఫోనును తెరకు ఆనించి నిలబెట్టింది. అటు పళ్ళెం నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. హైమావతి డబ్బా మూత తీసింది.